ఇంగ్లండ్‌కు ఆడనివాడు డి హెయాకు ఏం నేర్పాడు?

ప్రశ్న: మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ క్లబ్‌లో డేవిడ్ డి హెయాకు కోచ్‌గా ఉన్న ఎరిక్ స్టీల్ ఇంగ్లండ్ జట్టుకు ఎప్పుడూ ఆడలేదట. అలాంటాయన అంత పెద్ద గోల్‌కీపర్‌కి ఏం నేర్పుతాడండీ?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఆడలేదు, నిజమే. పీటర్‌బరో క్లబ్ తరఫున నాలుగో డివిజన్‌లో, అంటే కింది స్థాయి లీగ్‌లో, మొదలుపెట్టి బ్రైటన్, వాట్‌ఫర్డ్, డర్బీ అంటూ ఊళ్లు తిరిగాడు. పేరున్న స్టార్ కాదు. కానీ గోల్‌కీపర్ టెన్షన్ ఎలా ఉంటుందో ఆయనకు ఒకరు చెప్పాలా!

2011లో స్పెయిన్ కుర్రాడు డి హెయా యునైటెడ్‌కు వచ్చాడు. లీగ్ తొలి మ్యాచ్‌లోనే వెస్ట్ బ్రామ్ ఆటగాడు షేన్ లాంగ్ కొట్టిన షాట్ చేతికి అందినట్టే అంది గోల్‌లోకి జారిపోయింది. పత్రికలు ఏకిపారేశాయి. స్టీల్ ముందు పట్టించుకున్నది కుర్రాడి తిండి, నిద్ర. పగలు రెండు మూడు కునుకులు, రాత్రి పొద్దుపోయాక భోజనం, పైగా టాకోలు (మెక్సికన్ చిరుతిండి) మరీ ఎక్కువని తర్వాత ఆయనే చెప్పాడు. కండ పెంచడానికి జిమ్‌కు తోలాడు. యాభై దాటాక ఈ కుర్రాడి కోసం స్పానిష్ కూడా నేర్చుకున్నాడు. నాకు బాగా నచ్చింది అదే.

2012 ఫిబ్రవరిలో చెల్సీతో మ్యాచ్. స్కోరు 3-3, ఇంజురీ టైమ్ (చివర్లో కలిపే అదనపు నిమిషాలు). చెల్సీ ఆటగాడు మాటా ఫ్రీకిక్ పై మూలకు దూసుకొస్తుంటే డి హెయా గాల్లోకి లేచి ఒంటిచేత్తో బయటికి నెట్టాడు. దొరికితే ఆ వీడియో చూడండి.

2013లో లీగ్ టైటిల్ గెలిచాక యునైటెడ్ మేనేజర్ ఫెర్గూసన్ తప్పుకున్నాడు. కొత్త మేనేజర్ తన కోచ్‌ను తెచ్చుకోవడంతో స్టీల్ మళ్లీ డర్బీ చేరాడు.