జబ్బు ఖర్చుకు వేరే పుస్తకం

చిన్నారికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న ఫోనులో నువ్వు ఏడుపు దిగమింగుకుంటూ మాట్లాడావు. అల్లుడు గండం గట్టెక్కాడు. గుండె రక్తనాళం మూసుకుపోకుండా ఒక స్టెంట్ వేశారు, రెండోది నెల తర్వాత వేస్తామన్నారు, అప్పటిదాకా ఉద్యోగానికి వెళ్లవద్దన్నారు. ఇప్పుడు నీకు నిద్ర పట్టనివ్వనిది డబ్బే అని గొంతు వింటేనే తెలిసింది. గొలుసు అమ్మేస్తానన్నావు. కాస్త ఆగు.

ముందుగా ఒక కొత్త నోటుబుక్కు కొను. జబ్బుకు అయ్యే ప్రతి రూపాయీ అందులోనే రాయి. బియ్యం, పాలు, కరెంటు రాసుకునే పుస్తకంలో మాత్రం దీన్ని కలపకు. మీ పెదనాన్నగారికి తుంటి ఎముక విరిగినప్పుడు నేను అన్నీ ఒకచోటే రాశాను. నెలాఖరున మొత్తం చూసి గుండె గుభేలుమంది. భయపడి పాలు ఒక ప్యాకెట్ తగ్గించాను, పిల్లలకు పళ్లు మానిపించాను. తీరా ఒక మధ్యాహ్నం కూర్చుని విడదీస్తే ఇంటి ఖర్చు ఎప్పటిలాగే ఉంది. పెరిగిందల్లా ఆటోలు, క్యాంటీన్ టిఫిన్లు, నీళ్ల సీసాలు, రాత్రి తోడున్నవాళ్ల భోజనాలు. పన్నెండు రోజుల్లో తొమ్మిది వేలు వాటికే పోయింది! పాల ప్యాకెట్ దగ్గర కక్కుర్తిపడి, ఆటోల దగ్గర కళ్లు మూసుకున్నాను. ఈసారి ఆస్పత్రికి ఇంటి నుంచే క్యారియర్ వెళ్లాలి.

రెండో స్టెంట్‌కు చేరే ముందు బీమా పాలసీ కాగితం తీసి గది అద్దె పరిమితి చూడు. ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న పాఠం. మా పాలసీ మూడు లక్షలది, గది అద్దె రోజుకు మూడు వేలు దాటకూడదు. ఆయనకు సౌకర్యంగా ఉంటుందని నాలుగున్నర వేల గది తీసుకున్నాం. పోతే రోజుకు పదిహేను వందలు పోతాయిలే అనుకున్నాం. కంపెనీవాళ్లు అద్దెలో పరిమితి దాటింది మూడో వంతు అని చెప్పి, సర్జన్ ఫీజులోనూ, ఆపరేషన్ థియేటర్ చార్జీల్లోనూ అదే లెక్కన మూడో వంతు కోసేశారు. ఇద్దరుండే గదిలో ఉంటే ఆ డబ్బు మిగిలేది. మా పాలసీకి ఎంత అద్దె గది దాకా చెల్లుతుందని ఆస్పత్రి బీమా కౌంటర్‌లో కూర్చునేవాళ్లను ముందే అడుగు. మొహమాటపడకు.

స్టెంట్ పెట్టె మీది స్టిక్కరు, డిశ్చార్జి సమ్మరీ, ప్రతి మందుల బిల్లు, డాక్టరు చీటీ ఒకే సంచిలో దాచు. స్టెంట్ ధరలకు 2017 నుంచి ప్రభుత్వం గరిష్ఠ పరిమితి పెట్టింది కాబట్టి బిల్లులో దాని పేరూ ధరా విడిగా రాయించుకో. ఇంటికి వచ్చాక కొన్న మందులకు కూడా చాలా పాలసీలు కొన్నాళ్లపాటు డబ్బిస్తాయి. ఆ గడువెంతో చూసి కాగితాలు పంపమని ఎవరూ గుర్తుచేయరు, నువ్వే పంపాలి. రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ సంగతి ముందే కనుక్కో. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి అది కుటుంబానికి పది లక్షల దాకా ఉంది. మీ అత్తగారికి డెబ్బై దాటాయి కదా, ఆమెకు ఆయుష్మాన్ కార్డు తీయించు. 2024 అక్టోబరు నుంచి ఆ వయసువాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఏడాదికి ఐదు లక్షల వైద్యం ఇస్తున్నారు. ఒకే ఇంట్లో రెండో జబ్బు చెప్పి రాదు.

ఇక అప్పు సంగతి. మీ వీధిలో ఎవరో మూడు రూపాయల వడ్డీకి ఇస్తామన్నారన్నావు. నూటికి నెలకు మూడు అంటే ఏడాదికి ముప్పై ఆరు! వినడానికి మూడే, తీర్చేటప్పుడు తెలుస్తుంది. గొలుసు అమ్మకు, బ్యాంకులో తాకట్టు పెట్టు. వడ్డీ ఇంతకన్నా చాలా తక్కువ, వస్తువు నీదిగా ఉంటుంది. చీటీ ఉంటే ఈ నెల పాడుకుంటే ఎంత చేతికొస్తుందో లెక్క వేసి చూడు. అల్లుడి పీఎఫ్‌లోంచి వైద్యం కోసం తీసుకోవచ్చు గానీ అది ముసలితనపు డబ్బు, దాని జోలికి చివర్లో వెళ్లు. స్కూలువాళ్లను వాయిదాలు అడుగు. అడిగితే చాలామంది ఇస్తారు, మనమే అడగం.

మందుల గురించి ఒక్కమాట. జన ఔషధి దుకాణంలో జనరిక్ మందులు బాగా చవక. అయితే డాక్టరుగారిని అడిగి మార్చు. స్టెంట్ వేశాక రక్తం పలుచబడే మాత్ర మాత్రం ఒక్క రోజు కూడా ఆపకూడదు. ఎంత ఇబ్బంది వచ్చినా కోత పెట్టకూడని ఖర్చు అదొక్కటే. నీ భోజనం కూడా అనుకో. మిగిలిందేదో తిని సరిపెట్టుకునే అలవాటు నీకుంది, మీ అమ్మ పోలిక.

పరామర్శకు వచ్చేవాళ్లు మరో లెక్క. మా ఇంట్లో ఆ నెల యాపిల్స్ బుట్టలకొద్దీ కుళ్లిపోయాయి, కాఫీ పొడి మాత్రం వారానికి అరకేజీ. వస్తామని ఫోను చేసినవాళ్లకు సిగ్గుపడకుండా చెప్పు: పళ్లు వద్దు, ఒక పూట కూరా చారూ పట్టుకురండి అని. దగ్గరివాళ్లు సంతోషంగా తెస్తారు. మిగతావాళ్లు రావడం మానేస్తారు, అదీ ఆదాయమే.

ఆదివారం పొద్దుటి బస్సుకు బయల్దేరి వస్తాను. బిల్లులన్నీ ఆ సంచిలో వేసి ఉంచు, తేదీల వారీగా నేను సర్దుతాను. కాఫీ పొడి నేనే తెస్తున్నాను.

మీ పెద్దమ్మ