ట్రైనింగ్ రిజిస్టర్‌లో సంతకం ఉంటే తప్పు నాదే అవుతుందా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా. సంగారెడ్డి జిల్లాలో ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో రెండేళ్ళుగా కాంట్రాక్టర్ కింద హెల్పర్‌గా చేస్తున్నాను. జీతం 14,500, అందులో ఈఎస్‌ఐకి కోస్తారు. 2026 సంక్రాంతి తర్వాత ఒక నైట్ షిఫ్ట్‌లో మల్టీమిల్ (మందును పొడి చేసే యంత్రం) శుభ్రం చేస్తుండగా ఎవరో స్విచ్ వేశారు, కుడిచేతి రెండు వేళ్ళు పోయాయి. కంపెనీ వాళ్ళే ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో చేర్పించి బిల్లు కట్టారు. ఇప్పుడేమో "నీకు సేఫ్టీ ట్రైనింగ్ ఇచ్చాం, రిజిస్టర్‌లో సంతకం ఉంది, మెయిన్ ఆపకుండా చెయ్యి పెట్టడం నీ తప్పు" అంటున్నారు. 50 వేలు ఇస్తాం, ఒక కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. నిజానికి చేరిన రోజున బోలెడు కాగితాల మీద సంతకాలు తీసుకున్నారే తప్ప ఎవరూ ఏమీ నేర్పలేదు. నా రూమ్మేట్‌ని రియాక్టర్‌లోకి, అంటే రసాయనాలు కలిపే పెద్ద ట్యాంకులోకి, దిగి కడగమంటున్నారు, వాడికీ ఏమీ చెప్పలేదు. మాకేమైనా దారి ఉందా?

జవాబు: ముందు ఆ 50 వేల కాగితం మీద సంతకం పెట్టకండి. ఇప్పటికే పెట్టేసి ఉన్నా కంగారు పడకండి, పని ప్రమాదానికి రావలసిన పరిహారాన్ని వదులుకుంటున్నానని రాయించుకున్న ఒప్పందం చట్టం ముందు చెల్లదు. కాకపోతే ఆ కాగితంలో "నా పొరపాటు వల్లే జరిగింది" అని ఒక వాక్యం ఉంటుంది, అది మాత్రం తర్వాత ప్రతి చోటా మీకు అడ్డు తగులుతుంది. అందుకని వద్దు.

ఇక మీ అసలు సందేహం. ట్రైనింగ్ ఇవ్వడం కంపెనీ మీకు చేసే ఉపకారం కాదు, అది వాళ్ళ బాధ్యత. ఇదేమీ కొత్తగా వచ్చింది కాదు. 1984 భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించినప్పుడే, కార్మికుడి భద్రతకు కావలసిన సమాచారం, సూచనలు, శిక్షణ, పర్యవేక్షణ ఇవ్వాలని యజమాని మీద బాధ్యత పెట్టారు. 2025 నవంబర్ 21 నుంచి ఆ చట్టం స్థానంలో ఓఎస్‌హెచ్ కోడ్, 2020 (పనిచోట భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల మీద చట్టం) అమల్లోకి వచ్చింది. మీ ప్రమాదం ఆ తర్వాతే జరిగింది కాబట్టి మీకు ఈ కోడే వర్తిస్తుంది, కొత్త రూల్స్ వచ్చేదాకా పాత రూల్స్‌లో దీనికి విరుద్ధం కానివి నడుస్తూనే ఉంటాయి. కోడ్‌లోని 6వ సెక్షన్ కూడా అదే మాట చెబుతోంది. మీరు కాంట్రాక్టర్ మనిషి కావడం వల్ల ఫ్యాక్టరీ నడిపేవాళ్ళ పూచీ తగ్గదు. గేటు లోపల జరిగే పనికి ఫ్యాక్టరీ ఆక్యుపైయర్, అంటే ఫ్యాక్టరీ మీద పూర్తి అజమాయిషీ ఉన్న వ్యక్తి, జవాబు చెప్పాలి, కంపెనీ అయితే డైరెక్టర్లలో ఒకరు ఆ స్థానంలో ఉంటారు.

చట్టం అడిగేది మీకు పని నేర్పారా లేదా అని. రిజిస్టర్‌లో సంతకం దానికి ఒక సాక్ష్యం మాత్రమే, అదీ బలహీనమైన సాక్ష్యం. ఇలాంటి కేసులో నేనైతే ఆ రిజిస్టర్ నకలు తెప్పించమని మొదటే అడుగుతాను. ట్రైనింగ్ ఏ తేదీన జరిగిందని రాశారు? ఆ రోజు మీ గేటు పంచింగ్ ఎన్ని గంటలకు ఉంది? నైట్ డ్యూటీ చేసి పొద్దున్న ఏడింటికి బయటికెళ్ళిన మనిషి అదే రోజు పదింటికి క్లాసులో కూర్చున్నట్టు రాసి ఉంటే ఇక వాదించడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఎవరు నేర్పారు, ఏ భాషలో, ఎంతసేపు, ఏ విషయం మీద అన్నది తర్వాతి మాట. చాలా చోట్ల జరిగేది మంట ఆర్పే సిలిండర్ ఎలా వాడాలో చూపించడం, హెల్మెట్ పెట్టుకోమనడం, ఇంగ్లీషులో స్లైడ్లు వేయడం. అది జరిగిందనే అనుకుందాం, మల్టీమిల్ ఎలా శుభ్రం చేయాలో అందులో ఎక్కడుంది? అర్థం కాని భాషలో చెబితే చెప్పినట్టు కాదు. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి మందుల ప్లాంటు పేలి 50 మందికి పైగా చనిపోతే వాళ్ళలో ఎంతోమంది బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన వలస కూలీలు. ఇలాంటి ప్లాంటులో తెలుగు, ఇంగ్లీషు బోర్డులు పెట్టి ఊరుకుంటే బాధ్యత తీరిపోతుందా?

మీ మిల్ విషయంలో అసలు నేర్పాల్సింది ఇది. కంట్రోల్ ప్యానెల్ మీది స్విచ్ ఆపితే సరిపోదు, కరెంటు వచ్చే ఐసొలేటర్ (మెయిన్ స్విచ్) దగ్గరే ఆపాలి. దానికి తాళం వేయాలి. ఆ తాళం చెవి లోపల చెయ్యి పెట్టే మనిషి జేబులోనే ఉండాలి, షిఫ్ట్ ఇంచార్జి టేబుల్ మీద కాదు. "పని జరుగుతోంది, ఆన్ చేయవద్దు" అని పేరుతో ట్యాగ్ కట్టాలి. తర్వాత స్టార్ట్ బటన్ ఒకసారి నొక్కి మిల్ తిరగడం లేదని చూసుకుని అప్పుడు విప్పాలి. దీన్నే లాకౌట్ ట్యాగౌట్ అంటారు, పేరు మీరు వినే ఉంటారు. మీకు ఎప్పుడైనా తాళం ఇచ్చారా? మీ విభాగంలో అసలు అలాంటి తాళాలు ఉన్నాయా? ఇది తప్పకుండా రాసి పెట్టుకోండి. ఇంకొకటి, మూత లేదా జల్లెడ తీసినప్పుడు మోటారు తిరగకుండా ఇంటర్‌లాక్ ఉండాలి. అది పనిచేస్తుంటే ఎవరు స్విచ్ వేసినా మీ వేళ్ళు పోయేవి కావు. కాబట్టి ట్రైనింగ్ ఇచ్చారా లేదా అన్న గొడవలో కంపెనీ నెగ్గినా, ఇంటర్‌లాక్ ఎందుకు పనిచేయలేదు, ఎవరు బైపాస్ చేశారు అన్న ప్రశ్నకు వాళ్ళు జవాబు చెప్పి తీరాలి. ఇంతకన్నా జాగ్రత్త తీసుకోవడం సాధ్యం కాదని రుజువు చేసుకోవాల్సింది కూడా యజమానే, మీరు కాదు.

ఇప్పుడు డబ్బు సంగతి. పని ప్రమాద పరిహారానికి తప్పెవరిది అన్నది లెక్కలోకి రాదు, చాలామందికి ఈ విషయం తెలియకే తక్కువకు ఒప్పుకుంటారు. పని చేస్తుండగా, పని వల్ల దెబ్బ తగిలితే చాలు. మీరు కాస్త అజాగ్రత్తగా ఉన్నా హక్కు పోదు. మీరు ఈఎస్‌ఐలో ఉన్నారు కాబట్టి పరిహారం ఈఎస్‌ఐ నుంచే వస్తుంది, విడిగా కాంపెన్సేషన్ కమిషనర్ దగ్గర కేసు వేసే వీలు లేదు. ఈఎస్‌ఐ లేనివాళ్ళు మాత్రం రెండేళ్ళలోపు ఆ అధికారి దగ్గరికి వెళ్ళాలి. అక్కడ కంపెనీ వాళ్ళు ఎత్తిచూపే మినహాయింపులు ఉన్నాయి, తాగి ఉండటం, స్పష్టంగా ఇచ్చిన ఆదేశాన్ని కావాలని ధిక్కరించడం, యంత్రానికి ఉన్న రక్షణ కవచాన్ని (గార్డు) కావాలని తీసేయడం లాంటివి. కావాలని అన్న మాట అందులో ముఖ్యం, చెప్పని నియమాన్ని ఎవరూ కావాలని ధిక్కరించలేరు. పైగా మనిషి చనిపోయినా, పూర్తిగా పనికి రాకుండా పోయినా ఆ మినహాయింపులు కూడా పనికిరావు.

ఈఎస్‌ఐలో మీకు రెండు రకాలుగా వస్తుంది. పనికి వెళ్ళలేకపోయిన రోజులకు సగటు జీతంలో దాదాపు 90 శాతం. గాయం మానాక మెడికల్ బోర్డు చూసి సంపాదన శక్తి ఎంత శాతం తగ్గిందో తేలుస్తుంది, దాన్నిబట్టి జీవితాంతం నెలనెలా వచ్చే భృతి. ఒక చేతి రెండు వేళ్ళు పూర్తిగా పోతే చట్టంలోని షెడ్యూల్ ప్రకారం 20 శాతం, కొన్ని కణుపులే పోతే ఇంకా తక్కువ. మీ జీతం మీద 20 శాతమైతే ఉజ్జాయింపుగా నెలకు 2,600 రూపాయలు. 30 ఏళ్ళు వేసుకోండి, 9 లక్షలు దాటుతుంది. వాళ్ళిస్తామన్నది 50 వేలు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది, మీరు ఉత్తరంలో రాయలేదు కానీ నాకు దాని గురించే ఎక్కువ టెన్షన్‌గా ఉంది. నర్సింగ్ హోమ్ డిశ్చార్జ్ సమ్మరీ తీసి చూడండి. "హిస్టరీ" అన్న చోట ఏం రాశారు? ఇలా కంపెనీ వాళ్ళే తీసుకెళ్ళి చేర్పించిన కేసుల్లో "ఇంట్లో తలుపు సందులో వేళ్ళు పడ్డాయి", "బండి మీద నుంచి పడ్డాడు" అని రాయించడం మామూలైపోయింది. అలా ఉంటే వెంటనే ఆ డాక్టరుకు, ఆస్పత్రికి, "నేను ఫలానా తేదీ రాత్రి ఫ్యాక్టరీలో మిల్ శుభ్రం చేస్తుండగా గాయపడ్డాను, రికార్డు సరిచేయండి" అని రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఆలస్యం చేస్తే ఎందుకు ఇన్నాళ్ళు ఊరుకున్నావని అడుగుతారు. కంపెనీ ఈఎస్‌ఐకి యాక్సిడెంట్ రిపోర్టు పంపిందో లేదో మీ బ్రాంచి ఆఫీసులో కనుక్కోండి, పంపకపోతే మీరే జరిగింది రాసి ఇచ్చి రశీదు తీసుకోండి. కాంట్రాక్టర్ మీ దగ్గర కోసిన డబ్బు కట్టకపోయినా మీ హక్కు పోదు, ఆ చందాకు అసలు యజమాని కూడా బాధ్యుడే. జీతం స్లిప్పులు, బ్యాంకు ఎంట్రీలు, షిఫ్టు వాట్సాప్ గ్రూపులో ఆ రాత్రి వచ్చిన మెసేజ్‌లు, అన్నీ వేరే ఫోన్‌లోకి కూడా పంపి దాచుకోండి. మిమ్మల్ని గ్రూపులోంచి తీసేసే అవకాశం ఉంది. ఆ రాత్రి పక్కన ఉన్నవాళ్ళ పేర్లు, ఊర్లు కూడా ఇప్పుడే రాసుకోండి, కాంట్రాక్టు మనుషులు నాలుగు నెలలకే వేరే చోటికి వెళ్ళిపోతారు.

పరిహారం ఒక దారి అయితే, చట్టం తప్పినందుకు శిక్ష ఇంకో దారి. ఫ్యాక్టరీల శాఖ జిల్లా అధికారికి ఫిర్యాదు ఇవ్వండి. ఇప్పుడు వాళ్ళను ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్ అంటున్నారు. యజమాని బాధ్యత తప్పడం వల్ల తీవ్ర గాయమైతే ఏడాది దాకా జైలు, లేదా 2 లక్షలకు తగ్గకుండా 4 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. వేలు తెగిపోవడం తీవ్ర గాయం కిందికే వస్తుంది. జరిమానాలో సగానికి తగ్గకుండా బాధితుడికి ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది, కొత్త కోడ్‌లో నాకు నచ్చిన కొద్ది విషయాల్లో ఇదొకటి. ప్రమాదం గురించి కంపెనీ శాఖకు నోటీసు ఇచ్చిందా, ఇస్తే ఏ కారణం రాసింది అన్నది సమాచార హక్కు కింద అడగండి. పోలీసు స్టేషన్‌లో భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్ కింద ఫిర్యాదు కూడా ఇవ్వవచ్చు, ఇతరుల ప్రాణానికి ముప్పు తెచ్చేలా నిర్లక్ష్యంగా వ్యవహరించి తీవ్ర గాయం కలిగిస్తే దాని కింద 3 ఏళ్ళ దాకా శిక్ష ఉంది. లాయరుకు ఫీజు ఎక్కడి నుంచి తేవాలని ఆగిపోవద్దు. పారిశ్రామిక కార్మికుడికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది, 15100 నంబరుకు ఫోన్ చేస్తే చెబుతారు.

మీ రూమ్మేట్ సంగతి ఇంతకన్నా అర్జెంటు. ఈ రాత్రే ఆ అబ్బాయితో మాట్లాడండి. రియాక్టర్‌లో మంట రాకుండా నైట్రోజన్ నింపుతారు. దానికి రంగు లేదు, వాసన లేదు. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం దాకా ఉంటుంది, అది 19.5 కన్నా తగ్గితే చాలు, ప్రమాదం కింద లెక్క, నైట్రోజన్ నిండిన రియాక్టర్‌లో ఒకటి రెండు సార్లు ఊపిరి పీల్చేలోపే మనిషి కూలబడిపోతాడు, కేక కూడా వేయలేడు. అందుకే లోపలికి దిగే ముందు గ్యాస్ పూర్తిగా తీసేసి, పరీక్ష చేసి, అర్హత ఉన్న వ్యక్తి రాతపూర్వకంగా సర్టిఫికెట్ ఇవ్వాలని, లేకపోతే శ్వాస పరికరం పెట్టుకుని, నడుముకు బెల్టు కట్టి, దాని తాడు బయట ఉన్న మనిషి చేతిలో ఉండాలని పాత ఫ్యాక్టరీల చట్టంలో ఎప్పటి నుంచో ఉండేది. లోపలికి తీసుకెళ్ళే లైటు 24 వోల్టులకు మించకూడదని కూడా అందులోనే ఉండేది.

ఆ అబ్బాయి మొదట ఈ మూడు ప్రశ్నలు అడగాలి. ఎంట్రీ పర్మిట్ (లోపలికి దిగడానికి రాతపూర్వక అనుమతి) ఎక్కడ, ఆక్సిజన్ రీడింగ్ ఎంత, మ్యాన్‌హోల్ దగ్గర ఎవరు నిలబడతారు. నోటితో అడిగి ఊరుకోకుండా షిఫ్ట్ ఇంచార్జికి వాట్సాప్‌లో పెట్టమనండి. ప్రాణాపాయం ఉందని గట్టిగా అనిపిస్తే యజమానికీ, ఇన్‌స్పెక్టర్‌కూ ఒకేసారి తెలియజేసే హక్కు కోడ్‌లోని 14వ సెక్షన్ ఇస్తోంది. ప్రమాదం ఉందని తేలితే యజమాని వెంటనే సరిచేయాలి, లేదని అతను అనుకుంటే విషయాన్ని ఇన్‌స్పెక్టర్‌కు పంపాలి, ఆయన చెప్పిందే ఫైనల్. తిరస్కరిస్తే ఉద్యోగం తీసేస్తారన్న భయం నిజమైనదే, కాంట్రాక్టర్ రేపటి నుంచి రావద్దని అనవచ్చు. కానీ పర్మిట్ లేకుండా దిగమనడమే చట్టం తప్పడం, అలాంటి ఆదేశం వినలేదని వేసే శిక్ష కోర్టులో నిలవదని నా అభిప్రాయం. అప్పుడు ఆ వాట్సాప్ మెసేజే అతనికి ఆధారం. పర్మిట్ చేతికి వచ్చేదాకా లోపలికి దిగవద్దనండి.

అలాగే పక్కవాడు లోపల పడిపోతే కాపాడాలని వెంటనే దూకవద్దని గట్టిగా చెప్పండి. ఇలాంటి ప్రమాదాల్లో ఒకరి తర్వాత ఒకరు దిగి ఇద్దరు ముగ్గురు పోవడం మన దగ్గర మ్యాన్‌హోళ్ళలో, సెప్టిక్ ట్యాంకుల్లో కూడా చూస్తున్నాం. అలారం కొట్టాలి, తాడు ఉంటే బయటి నుంచే లాగాలి, శ్వాస పరికరం పెట్టుకున్నవాళ్ళే దిగాలి. మీ ప్లాంటులో ఆ పరికరం ఏ గదిలో ఉంది, దాని సిలిండర్‌లో గాలి ఉందా లేదా అన్నది రేపు డ్యూటీకి వెళ్ళగానే చూసి రమ్మనండి.