షార్జా హెరిటేజ్ డేస్‌కి అమ్మానాన్నను తీసుకెళ్లొచ్చా?

ప్రశ్న: "అమ్మానాన్నతో కలిసి రెండు వారాలు దుబాయ్ వస్తున్నాం. అదే సమయంలో షార్జాలో హెరిటేజ్ డేస్ జరుగుతున్నాయట. నిజంగా అరబ్ సంస్కృతి కనబడుతుందా, లేక టూరిస్టుల కోసం పెట్టిన ఎగ్జిబిషనా? ఒక రోజు దానికి కేటాయించొచ్చా?"

కేటాయించండి. రోజంతా అక్కర్లేదు, ఒక సాయంత్రం చాలు. ఎగ్జిబిషనా అని అడిగారు కాబట్టి ఉన్నమాట చెప్తాను: సగం ఎగ్జిబిషనే. దుకాణాలుంటాయి, సెల్ఫీ స్టాండ్లుంటాయి, మైకులో అరుపులుంటాయి. మన నాంపల్లి నుమాయిష్‌లో తిరిగినవాళ్లకు ఇదేం కొత్త కాదు. మిగతా సగం కోసమే నేను మళ్లీ మళ్లీ వెళ్తున్నాను.

నేను పదకొండేళ్లుగా షార్జాలోనే ఉంటున్నా. ఎలక్ట్రీషియన్‌ని. ఉండేది రోలాలో. రోలా అంటే వీళ్ల మాటలో మర్రిచెట్టు. ఇక్కడొక పెద్ద మర్రి ఉండేదట, పండగ రోజుల్లో జనమంతా దాని నీడకే చేరేవాళ్లట. 1978లో అది కూలిపోయింది. ఇప్పుడు అక్కడ పార్కు ఉంది, చెట్టుకు గుర్తుగా ఒక కట్టడం ఉంది. సెలవు సాయంత్రం ఆ పార్కులో ఓ చుట్టు తిరిగితే జగిత్యాల మాటో కడప మాటో చెవిన పడకుండా ఉండదు. పండగ జరిగే పాత ఊరు అక్కడికి నడిచివెళ్లే దూరమే.

మొదటిసారి నేను వెళ్లింది చూడ్డానికి కాదు, పనికి. స్టాళ్లకు తాత్కాలికంగా కేబుళ్లు లాగే పని మా కంపెనీకి వచ్చింది. పగలంతా డిస్ట్రిబ్యూషన్ బోర్డులు బిగించి, సాయంత్రం లైట్లు వెలిగాయో లేదో చూసుకుని వెళ్లిపోవాలి. ఆ రోజు వెళ్లలేదు. డ్యూటీ బట్టల్లోనే రాత్రి పదింటిదాకా తిరిగాను. వేరేచోట ఒక మాల్ దగ్గర అవే బట్టల్లో ఉన్నందుకు గార్డు నన్ను గేటు దగ్గరే ఆపేశాడు. ఇక్కడ మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. టికెట్ కూడా లేదు.

పండగ గురించి నాలుగు ముక్కలు. అరబ్బీలో దీన్ని 'అయ్యామ్ అల్ షారిఖా అల్ తురాథియ్యా' అంటారు. 2003లో మొదలైంది. షార్జా ఇన్‌స్టిట్యూట్ ఫర్ హెరిటేజ్ నడుపుతుంది. షార్జా పాలకుడు షేక్ సుల్తాన్ బిన్ ముహమ్మద్ అల్ ఖాసిమీ స్వయంగా చరిత్రకారుడు, నాటకాలు రాసినవాడు. 1972 నుంచి ఆయనే పాలకుడు. దుబాయ్ ఆకాశహర్మ్యాల దారిన పోతే, ఈయన మ్యూజియాలు, పుస్తకాల దారిన పోయాడు. 1998లో యునెస్కో షార్జాను అరబ్ ప్రపంచ సాంస్కృతిక రాజధానిగా ప్రకటించింది. పాతకోట అల్ హిస్న్‌ను 1970 ప్రాంతంలో కూలగొడుతుంటే, కైరోలో చదువుకుంటున్న ఈయన హుటాహుటిన వచ్చి ఆపించాడట. అప్పటికే ఒక బురుజు తప్ప దాదాపు అంతా పోయింది. తలుపులు, కిటికీలు మాత్రం దాచిపెట్టి, కొలతలు రాసిపెట్టుకుని, 1990ల్లో మళ్లీ కట్టించాడు. పండగకు వెళ్లినప్పుడు ఆ కోట పక్కనుంచే వెళ్తారు, ఒక్క నిమిషం ఆగి చూడండి.

పండగ జరిగేది 'హార్ట్ ఆఫ్ షార్జా' అనే పాత పేటలో. టెంట్లలో కాకుండా నిజమైన పాత సందుల్లో జరగడమే దీని బలం. సముద్రంలోంచి తీసిన పగడపు రాళ్లతో కట్టిన గోడలవి. దగ్గరికెళ్లి చెయ్యి పెట్టి చూడండి, రాయి నిండా చిల్లులుంటాయి. అక్కడే బైత్ అల్ నబూదా అనే ఇల్లుంది, ఒక ముత్యాల వ్యాపారిది, ఆయనకు ఇండియాతో బేరాలుండేవి. ఈ తీరంలో ఏరిన ముత్యాలు బొంబాయి చేరి, అక్కణ్ణుంచి మన హైదరాబాద్ దాకా వచ్చేవి. 1930ల్లో జపాన్ పెంపుడు ముత్యాలు వచ్చి ఈ వ్యాపారాన్ని ముంచేశాయి. ముత్యాల పడవల మీద పాడేవాణ్ణి 'నహ్హామ్' అంటారు. తాళ్లు లాగేటప్పుడు, తెడ్లు వేసేటప్పుడు ఒకడు ఎత్తుకుంటే మిగతావాళ్లు గొంతు కలుపుతారు. స్టేజి మీద ఆ పాటలు విన్నాను, బాగానే ఉన్నాయి గానీ, చేతిలో బరువు లేకుండా పాడితే ఆ ఊపు రాదేమో అనిపించింది.

ఇక మీ అసలు ప్రశ్న, అమ్మానాన్న సంగతి.

రెండేళ్ల కింద మా బాపు విజిట్ వీసా మీద వచ్చాడు. ఆయన సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసినవాడు. 1990ల్లో గల్ఫ్ వచ్చి మూడేళ్లు బిల్డింగుల పని కూడా చేశాడు. ఆ మూడేళ్లలో క్యాంపు, సైటు, బస్సు తప్ప ఇంకేం చూడలేదు. అరబ్బుల ఇంటి గడప తొక్కలేదు. దుబాయ్‌లో పెద్ద బిల్డింగు చూపిస్తే "మంచిగున్నది" అన్నాడు, మెడ నొప్పి పెడుతుందని దించేసుకున్నాడు. మాల్‌లో చేపల అక్వేరియం చూపిస్తే మళ్లీ "మంచిగున్నది". సరే, ఇక్కడికి కూడా తీసుకెళ్దాం, ఎలాగూ ఇంటి పక్కనే కదా అనుకున్నాను.

లోపలికి వెళ్లిన పావుగంటకు ఆయన కనబడలేదు. వెతికితే ఒక తాటాకు పందిరి కింద గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఖర్జూరపు చెట్లదే లెండి ఆకు, మనకు అలవాటుగా తాటాకు అనేస్తాం. ఎదురుగా ముఖానికి బుర్ఖా, అంటే ఆ బంగారు రంగు ముసుగు, పెట్టుకున్న ఒక పెద్దావిడ నేల మీద పరిచిన మగ్గం మీద నేస్తోంది. దాన్ని సదూ అంటారు. బెదూయిన్ ఆడవాళ్ల నేత. డేరాలకూ, ఒంటెల మీద వేసే సంచులకూ, దిండ్లకూ గొర్రె ఉన్నితో, మేక వెంట్రుకలతో, ఒంటె బొచ్చుతో నేసేవాళ్లు. మగ్గమంటే ఫ్రేము లేదు, గుంట లేదు. నాలుగు మేకులు నేలలో దిగ్గొట్టి పడుగు సాగదీశారు, అంతే. నేసినకొద్దీ ఆవిడే ముందుకు జరుగుతోంది. ఎర్రటి, నల్లటి, తెల్లటి పోగుల మధ్యలో జింక కొమ్ము ఒకటి పెట్టి పోగుల్ని దగ్గరికి లాగుతోంది.

బాపు చాలాసేపు చూసి నాతో అన్నాడు: "గీమె పేక కనబడకుంట నేస్తుందిరా. బొమ్మంత పడుగుల్నే ఉన్నది. జూడు."

నేను నేతకారుడి కొడుకునే గానీ నాకు ఆ ముక్క తట్టలేదు. తర్వాత చదివితే తెలిసింది, సదూ పద్ధతే అది. అడ్డంగా వెళ్లే పోగు లోపల దాగిపోతుంది, నిలువు పోగుల్ని పైకి ఎత్తడం, కిందికి దించడంలోనే డిజైనంతా ఉంటుంది. నేసేటప్పుడు లెక్క తప్పితే బొమ్మ తప్పుతుంది. ఆ లెక్క కాగితం మీద ఉండదు, తల్లి నుంచి కూతురికి నోటి మీదుగా వస్తుంది. నేర్చుకునే కూతుళ్లు తగ్గిపోయారనే 2011లో యునెస్కో దీన్ని తక్షణం కాపాడుకోవాల్సిన కళల జాబితాలో చేర్చింది.

ఆవిడ బాపు వేళ్ల వైపు చూసింది. ఏదో అడిగింది. బాపు ముప్పై ఏళ్ల కిందటి అరబ్బీ బయటికి తీశాడు: "అనా… సాంచ. కపడా. హింద్." సాంచ అంటే ఆవిడకేం అర్థమవుతుంది! కానీ ఆయన చేత్తో నాడె అటూ ఇటూ విసిరినట్టు చూపించేసరికి ఆవిడ నవ్వింది. పోగులు పక్కకు తీసి, అల్లిక కింది వైపు తిప్పి చూపించింది. బాపు వంగి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, వేలితో పోగులు లెక్కపెట్టాడు. అరగంట ఇద్దరూ "జైన్, జైన్" (బాగుంది, బాగుంది) అనుకుంటూనే ఉన్నారు. నాకు కాళ్లు పీకాయి. ఆయనకు పీకలేదు.

అక్కణ్ణుంచి కదిలాక ఒక్కో స్టాలూ ఆయనే చూపించడం మొదలెట్టాడు. తీగతో అల్లిన గుమ్మటం లాంటి చేపల బుట్ట, గర్గూర్ అంటారు, దాన్ని చూసి "మన ఊత లెక్కనే" అన్నాడు. తల్లీ అనే జరీ అల్లిక దగ్గర ఇంకో పది నిమిషాలు. స్టాండు మీద చిన్న దిండు, దాని చుట్టూ వేలాడే దారం కండెలు. వేళ్లు ఎటు పోతున్నాయో మనకు అందదు. ఒక ముసలాయన దగ్గర నేను అత్తరు సీసా ధర అడిగితే "అష్రా రుబియా", అంటే పది రుబియా, అన్నాడు. బాపు ఉలిక్కిపడి, "ఈడ మన రూపాయలు తీస్కుంటరా?" అన్నాడు. తీసుకోరు. దిర్హామ్‌నే పాతకాలం వాళ్లు ఇప్పటికీ రుబియా అంటారు. దీని వెనక కథ ఉంది. ఈ తీరమంతా ఒకప్పుడు ఇండియా రూపాయే చెల్లేది. 1959లో మన రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ కోసం ప్రత్యేకంగా రూపాయి నోట్లు అచ్చేసింది. 1966లో రూపాయి విలువ తగ్గించాక వీళ్లు దాన్ని వదిలేశారు. దిర్హామ్ వచ్చింది 1973లో. టాక్సీవాడికి దారి చెప్పేటప్పుడు 'సీదా' అంటే అరబ్బులకు అర్థమయ్యేది కూడా ఈ పాత సావాసం వల్లే.

తిండి. హరీస్ తప్పక రుచి చూడండి, కానీ హైదరాబాద్ హలీం అనుకుని నోట్లో పెట్టుకుంటే నిరాశే. గోధుమలు, మాంసం గంటలకొద్దీ ఉడికించి, పెద్ద కర్రతో మెదిపి, పైన నెయ్యి. మసాలా దాదాపు ఉండదు. బాపు తీర్పు: "ఉప్పు గూడ మర్చిపోయిండ్రు." నిజానికి మన హలీంకు ఇది తాత వరస. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలో చేరిన అరబ్బుల బ్యారక్స్ ఉన్నచోటే హైదరాబాద్‌లో బార్కస్ అయింది, అక్కడ ఇప్పటికీ హరీస్ అమ్ముతారు. 2023లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది ఈ ఉప్పు తక్కువ హరీసే. రెగాగ్ అనే రొట్టె చేసేది మాత్రం చూసి తీరాలి. తడి పిండి ముద్దను చేత్తో కాలే పెనం మీద గుండ్రంగా రాసేస్తారు, పూతరేకు అంత పల్చటి పొర మిగులుతుంది. దాని మీద గుడ్డో చీజో వేయించుకోండి. మహ్యావా అనే చేపల సాస్ వద్దని ముందే చెప్పండి, అలవాటు లేనివాళ్లకు వాసన తట్టుకోవడం కష్టం.

గహ్వా, అంటే అరబ్బుల కాఫీ, పోస్తే కుడిచేత్తో తీసుకోండి. లేత వేపుడు గింజలు, యాలకులు, ఒక్కోసారి కుంకుమపువ్వు. పాలూ చక్కెరా ఉండవు, పక్కనే ఖర్జూరం పెడతారు. కప్పులో అడుగున కొంచెమే పోస్తారు, అది పిసినారితనం కాదు, మర్యాదే. చాలనుకుంటే ఖాళీ కప్పు అటూ ఇటూ ఊపి ఇవ్వాలి. ఊరికే ఇస్తే మళ్లీ పోస్తారు. నేను మొదటిసారి ఐదు తాగి రాత్రంతా మేలుకున్నాను.

ఆటల్లో అయ్యాలా చూడండి. రెండు వరసల మగవాళ్లు ఎదురెదురుగా, చేతిలో సన్నటి కర్రలు, డప్పుల లయకు తలలూ కర్రలూ కలిపి ఊపుతారు. మన కోలాటంలా కర్రలు తగలవు, అవి కత్తులకు, ఈటెలకు గుర్తు. గంతులు, హడావుడి ఉండవు కాబట్టి మొదట విసుగ్గా అనిపిస్తుంది. ఐదు నిమిషాలు నిలబడితే ఆ లయ పట్టుకుంటుంది.

విదేశాల విభాగం గురించి నాకు రెండు మనసులు. ఏటా కొన్ని దేశాల బృందాలను పిలుస్తారు, పాటలు, నాట్యాలు, చేతిపనులు తెస్తారు. కొన్ని స్టాళ్లలో నిజంగా పనివాళ్లే కూర్చుంటారు, చెక్క చెక్కుతూనో మట్టి తిప్పుతూనో. కొన్ని ఉత్త దుకాణాలు, అదే శాలువా రోలా మార్కెట్‌లో సగం ధరకు దొరుకుతుంది. తేడా కనిపెట్టడం తేలిక: స్టాల్లో మనిషి చేతులు పనిలో ఉన్నాయా, ఫోన్ మీద ఉన్నాయా చూడండి.

వెళ్లేవాళ్లకు కొన్ని సంగతులు. తేదీలు ఏటా మారతాయి, రంజాన్ ఎప్పుడు పడుతుందో దాన్నిబట్టి ముందుకూ వెనక్కూ జరుపుతారు, విమానం టికెట్లు కొనేముందు ఆ ఏడాది తేదీలు చూసుకోండి. సందడి సాయంత్రాలే. శుక్ర, శని, ఆదివారాలు వద్దు. దుబాయ్–షార్జా రోడ్డు మీద ఆ రోజుల్లో ఇరుక్కుంటే పండగ కారులోనే అయిపోతుంది. మామూలు రోజున చీకటి పడకముందే చేరండి, చేతిపనులవాళ్లు అప్పుడే తీరిగ్గా మాట్లాడతారు. దుబాయ్ నుంచి బస్సులో వస్తే అల్ జుబైల్ స్టేషన్‌లో దిగి చిన్న టాక్సీ. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి, షార్జా ఈ విషయంలో దుబాయ్ కంటే పట్టింపు. ఆడవాళ్ల ఫోటోలు అడగకుండా తీయొద్దు. బాపు ఆ సదూ ఆవిడతో ఫోటో కావాలంటే, ఆవిడ ముందు మగ్గం సర్దుకుని, చేతుల వరకే తీయమని సైగ చేసింది. ఇంట్లో గోడకు ఉన్న ఫోటోలో మనుషులు లేరు, నాలుగు చేతులూ ఎర్రటి పడుగూ ఉన్నాయి.

మీ నాన్నగారు ఏం పని చేసేవారో రాయలేదు. అది చెబితే ఏ సందులో ముందు ఆగాలో చెప్తాను. అమ్మగారికి మోకాళ్ల నొప్పులుంటే కోట వైపు నుంచి రండి, ఆ పక్క మెట్లు తక్కువ. లుఖైమాత్, అంటే నూనెలో వేయించి ఖర్జూరపు పాకం పోసే పిండి ఉండలు, ఒక్క ప్లేటు ముగ్గురికి సరిపోతుంది, ఆ పాకం బట్టల మీద పడితే ఓ పట్టాన వదలదు.