హోంవర్కులో ఒప్పు, బోర్డు దగ్గర తప్పు

చంద్రగిరిలోని మీ ఏడో తరగతి పిల్లలు ఇంగ్లీషు హోంవర్కు తప్పుల్లేకుండా తెచ్చి, మరునాడు బోర్డు మీద ‘డిడ్ యు వెంట్’ అని రాయడానికి కారణం బహుశా గైడు చూచిరాతే. గంట కొట్టాక హడావిడిగా చెప్పే పనికి వారికి మరో దారి ఉండదు.

1. పాఠాన్ని పది నిమిషాల ముందే ఆపండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: హోంవర్కులోని మొదటి ప్రశ్నను తరగతిలోనే చేయించి, ‘ఐ వెంట్ టు అలిపిరి’ వంటి వాక్యాన్ని ప్రశ్నగా మార్చినప్పుడు భూతకాలం ‘డిడ్’లోకి వెళ్లిపోతుందని, అందువల్ల ‘వెంట్’ మళ్లీ ‘గో’ అవుతుందని వారి నోటనే చెప్పించండి.

3. ఇంటికి సొంత వాక్యాలు నాలుగు చాలు. పేజీలు నింపిస్తే దస్తూరి తప్ప మరేదీ బాగుపడదు.

4. మరునాడు దిద్దే ముందు నోటుపుస్తకాలు మూయించి ఒక ప్రశ్న అడగండి.