అమ్మలూ, ఆ జెముడు మొక్క గురించి

అమ్మలూ,

నువ్వు పంపిన ఫోటో చూశాను. మొక్క బావుంది గానీ, నెత్తిమీదున్న ఆ పసుపు పువ్వు దానిది కాదే. ఎండుపువ్వుని వేడి జిగురుతో అంటించి అమ్మేస్తుంటారు. వేలితో తాకి చూడు, గరగరలాడుతుంది. కింద జిగురు బొట్టు కూడా మెరుస్తూ కనబడుతుంది. మొక్క పెరిగేది ఆ నడినెత్తి నుంచే కాబట్టి మెల్లగా కదిపి తీసెయ్. కాస్త తోలు లేచినా పర్వాలేదు, గాయం ఆరేదాకా నీళ్ళు తగలనివ్వకు.

చూస్తే మామిల్లేరియాలాగే ఉంది. ఆ జాతి మొక్కలు ఎక్కువగా మెక్సికోవి, మన ఎండకి జడిసే రకం కాదు. బరంపురంలో వాటిని చంపేది వానాకాలం. జూన్ నుంచి సముద్రపు గాలిలో తేమ తగ్గదు, కుండీలో మట్టి ఆరదు, లోపల వేరు కుళ్ళిపోతూ ఉంటుంది. పైకి మాత్రం పచ్చగానే ఉంటుంది. ఒకరోజు మొక్క మొదలు దగ్గర గోధుమరంగు తిరిగి, నొక్కితే వేలు మెత్తగా దిగుతుంది. అప్పుడు శుభ్రమైన కత్తితో మచ్చలేని కండ తగిలేదాకా కోసి, పైముక్కని పది రోజులు నీడలో ఆరబెట్టి, పొడి ఇసుక మీద నిలబెట్టు. బతికితే అదృష్టం.

అందుకే ముందు కుండీలో ఉన్న కొబ్బరిపొట్టంతా దులిపేసి కుండీ మార్చు. అడుగున కన్నమున్న మట్టికుండీ, 4 అంగుళాలది చాలు. తోటమట్టి ఒక వంతు, ముతక ఏటి ఇసుక రెండు వంతులు, గుప్పెడు ఇటుక ముక్కలు. రుషికుల్య ఇసుకైతే బంగారం. గోపాల్‌పూర్ బీచి నుంచి మాత్రం మోసుకురాకు, అందులో ఉప్పుంటుంది. పేపరు మడిచి దాంతో మొక్కని పట్టుకుంటే ముళ్ళు గుచ్చుకోవు. మార్చాక వారం దాకా చుక్క నీరు వద్దు.

తర్వాత వారానికోసారి, నెలకోసారి అని లెక్కలు పెట్టుకోకు. చీపురుపుల్ల అడుగుదాకా గుచ్చి తీయి. తడి అంటకుండా పొడిగా వస్తేనే, కన్నంలోంచి కారేలా నీళ్ళు పొయ్యి. పళ్ళెంలో నిలిచిన నీళ్ళు పారబోసెయ్. వానాకాలంలో చూరు కిందకి జరిపెయ్. దసరా వచ్చేసింది కదా అని డాబా ఎక్కించకు, 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది సరిగ్గా ఆ రోజుల్లోనే, అక్టోబరు 12న. ఊరెళ్ళేటప్పుడు పక్కింటి మావుసికి కూడా గట్టిగా చెప్పు. జాలిపడి రోజూ చెంబుతో పోసేస్తుంది.

ఇక పువ్వు. మొక్కని శీతాకాలంలో దాహంతో ఉంచితేనే పూస్తుంది. నవంబరు చివర నుంచి జనవరి దాటేదాకా దాదాపు నీళ్ళు మానెయ్. మరీ ముడుచుకుపోతే నాలుగు చెంచాలు పొయ్యి. కుండీ తూర్పు కిటికీలో, రాత్రి చల్లగాలి తగిలేచోట ఉండాలి. పాపం అనిపిస్తుంది, అయినా పోయకు. ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి నెత్తి చుట్టూ, ముళ్ళ బుడిపెల సందుల్లోంచి, కిరీటంలా వరసగా మొగ్గలు లేస్తాయి. ఒక్కో పువ్వు ఎండకి విచ్చుకుని సాయంత్రానికి ముడుచుకుంటూ కొన్నాళ్ళుంటుంది. ఆ రోజుల్లో కుండీని అటూ ఇటూ తిప్పకు, మొగ్గలు రాలతాయి. పూలయ్యాక సన్నని ఎర్రటి కాయలు పొడుచుకొస్తే పురుగనుకుని టెన్షన్ పడకు, అవి విత్తనాల కాయలు.

ఎరువు పెద్దగా అక్కర్లేదు, యూరియా అసలు వద్దు. ముళ్ళ సందుల్లో తెల్లటి దూదిలా కనిపిస్తే అది పిండినల్లి. పుల్లకి దూది చుట్టి స్పిరిట్‌లో ముంచి తుడువు, వారం ఆగి మళ్ళీ చూడు.

ఇసుక జల్లించి ఒక సంచి నీకోసం పక్కన పెట్టాను. కొత్త బస్టాండు వైపు వచ్చినప్పుడు ఇంటికొచ్చి పట్టుకెళ్ళు.

మీ అత్త