లీనియర్ ఆల్జీబ్రా లైబ్రరీకి ఆటోమేటెడ్ టెస్టులు ఎలా రాయాలి? నా ల్యాప్‌టాప్‌లో పాసయ్యేవి బిల్డ్ సర్వర్‌లో ఎందుకు ఫెయిలవుతున్నాయి?

మీ రెండు ప్రశ్నలకీ జవాబు ఒకటే. ఫైల్లో దాచుకున్న పాత జవాబుతో అంకెకి అంకె పోల్చడం ఆపేయండి.

హైటెక్ సిటీలో మా టీం రాసిన సాల్వర్‌కి (సమీకరణాలు సాధించే కోడ్‌కి) టెస్టులు చూసే పని కొన్నేళ్లు నాదే. "నా మెషీన్‌లో పాసైంది కదన్నా" అన్న మాట వినని వారం లేదు. అది బగ్గే కానక్కర్లేదు. ఫ్లోటింగ్ పాయింట్‌లో కూడే వరుస మారితే చివరి బిట్లు మారతాయి. సర్వర్ ప్రాసెసర్‌లో ఏవీఎక్స్-512 (ఒకేసారి చాలా సంఖ్యల్ని లెక్కించే ఆదేశాలు) ఉండి మీ దగ్గర ఏవీఎక్స్2 మాత్రమే ఉంటే, మ్యాట్రిక్స్ లెక్కల లైబ్రరీ ఓపెన్‌బ్లాస్ వేరే కెర్నల్ (అసలు లెక్క చేసే కోడ్ ముక్క) ఎంచుకుంటుంది. త్రెడ్లు పెరిగినా వరుస మారొచ్చు. రెండు జవాబులూ సరైనవే.

ఫెయిలైనప్పుడల్లా టాలరెన్స్ (ఎంత తేడాని ఒప్పుకోవాలన్న హద్దు) సడలించుకుంటూ పోవడం మాత్రం మందు కాదు. అన్నిటికీ ఒకే 10⁻⁸ పెట్టడమంటే, ఎర్రగడ్డ రైతు బజార్లో ఉల్లిగడ్డలు తూచే కాటా మీద బంగారం తూచడమే.

లాపాక్ అనే పేరున్న లీనియర్ ఆల్జీబ్రా లైబ్రరీ టెస్టులు చేసే పని చూడండి. రెసిడ్యువల్ (జవాబుని సమీకరణంలో తిరిగి పెడితే మిగిలే తేడా) నార్మ్‌ని, అంటే దాని పరిమాణాన్ని, మ్యాట్రిక్స్ నార్మ్, జవాబు నార్మ్, ఎప్సిలాన్ (ఫ్లోటింగ్ పాయింట్ రౌండింగ్ తేడా కొలత) మూడింటి లబ్ధంతో భాగిస్తాయి. ఆ నిష్పత్తి 30 దాటకపోతే పాస్. కష్టమైన కేసుగా పేరుపడ్డ 10×10 హిల్బర్ట్ మ్యాట్రిక్స్ కండిషన్ నంబర్ (ఇన్‌పుట్‌లో చిన్న తేడా జవాబులో ఎన్ని రెట్లు పెరగొచ్చో చెప్పేది) సుమారు 1.6 × 10¹³. డబుల్‌కి (64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యకి) ఉండే దాదాపు 16 అంకెల్లో 13 దాకా గల్లంతవ్వొచ్చు. అయినా మంచి సాల్వర్ ఈ పరీక్ష పాసవుతుంది, ఎందుకంటే తప్పు సాల్వర్‌ది కాదు, లెక్కది. క్యూఆర్‌కి (మ్యాట్రిక్స్‌ని క్యూ, ఆర్ అనే రెండు మ్యాట్రిక్సుల లబ్ధంగా విడగొట్టడానికి) అయితే రెండు చూడాలి: గుణిస్తే అసలు మ్యాట్రిక్స్ తిరిగి వస్తోందా, క్యూ ఆర్థోగోనల్‌గా ఉందా. ఐగెన్ వెక్టర్లని నేరుగా పోల్చకండి, గుర్తు తిరగబడినా అది సరైన వెక్టరే.

ఇక్కడో గొయ్యి ఉంది. "నిష్పత్తి 30 కంటే ఎక్కువైతే ఫెయిల్" అని రాస్తే, నిష్పత్తి నాన్ (NaN, "ఇది సంఖ్య కాదు" అనే విలువ) అయినప్పుడు ఆ పోలిక ఎప్పుడూ అబద్ధమే, టెస్ట్ హాయిగా పాసైపోతుంది. "30 లేదా తక్కువైతేనే పాస్" అని రాయండి.

ఆ నాన్‌నే మన పనికీ వాడుకోవచ్చు. లీడింగ్ డైమెన్షన్‌ని (మెమరీలో ఒక నిలువు వరుస మొదలు నుంచి తర్వాతి దాని మొదలుకి ఉన్న దూరాన్ని) అడ్డ వరుసల సంఖ్య కంటే పెద్దది ఇచ్చి, ఖాళీ జాగా అంతా నాన్‌తో నింపండి. కోడ్ హద్దు దాటి చదివి లెక్కలో కలిపిందంటే జవాబు నాన్ అయి కూర్చుంటుంది. జెమ్‌లో (GEMM, మ్యాట్రిక్సుల్ని గుణించే రొటీన్) బీటా (పాత అవుట్‌పుట్‌ని గుణించే సంఖ్య) సున్నా ఇచ్చినప్పుడు అవుట్‌పుట్ మ్యాట్రిక్స్ పాత విలువలు వాడకూడదన్నది బ్లాస్ (ఇలాంటి మూల రొటీన్ల ప్రమాణం) నియమం. దాన్నీ నాన్‌తో నింపి పిలవండి. సొంతంగా కెర్నల్ రాసేవాళ్లు, సున్నాతో గుణిస్తే సున్నాయే కదా అనుకుని (నాన్‌ని సున్నాతో గుణించినా నానే), ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే.

మీ కోడ్ మ్యాట్రిక్స్‌ని ముక్కలు చేసే బ్లాక్ సైజు 64 అయితే మ్యాట్రిక్స్ సైజులు 63, 64, 65 మూడూ పెట్టండి, 0, 1 కూడా. గుణకారానికి చిన్న పూర్ణాంకాల మ్యాట్రిక్సులు ఇస్తే, మొత్తాలు 2⁵³ దాటనంతవరకు జవాబు కచ్చితం, టాలరెన్స్ గొడవే లేదు. కాంప్లెక్స్ రొటీన్లకి ఇమాజినరీ భాగం సున్నా ఇవ్వకండి, కాంజుగేట్ (ఇమాజినరీ భాగం గుర్తు తిప్పడం) మర్చిపోయిన బగ్ దాక్కుంటుంది.

రాండమ్ మ్యాట్రిక్సులే నమ్ముకుంటే అవి మామూలుగా మంచి కండిషన్‌లోనే ఉంటాయి, కష్టమైన కేసులు తగలవు. కండిషన్ నంబర్‌ని నిర్ణయించే సింగులర్ విలువలు మీరే ఎంచుకుని, రెండు పక్కలా రాండమ్ ఆర్థోగోనల్ మ్యాట్రిక్సులతో గుణించి తయారు చేసుకోండి. ప్రతి కమిట్‌కీ స్థిరమైన సీడ్‌తో (రాండమ్ సంఖ్యలు మొదలయ్యే విలువతో) చిన్న సైజులు నడపండి. రాత్రి రన్‌లో కొత్త సీడ్, పెద్ద సైజులు, ఒక త్రెడ్‌తో ఒకసారి, చాలా త్రెడ్లతో ఇంకోసారి. సీడ్ లాగ్‌లో పడాలి, లేదంటే పొద్దున ఆ ఫెయిల్యూర్‌ని మళ్లీ రప్పించలేరు.

బిట్‌కి బిట్ ఒకేలా రావాలని మీ మేనేజర్ పట్టుబడితే, ఇంటెల్ గణిత లైబ్రరీ ఎంకేఎల్‌లో కండిషనల్ న్యూమరికల్ రీప్రొడ్యూసిబిలిటీ అనే మోడ్ ఉంది. వేగం కొంత తగ్గుతుందని ముందే చెప్పి ఆన్ చేయండి.