కోర్ 2 డ్యుయో, జీ31 బోర్డు పీసీలో లినక్స్ నడుస్తుందా? నడుస్తుంది. నా అనుభవం ఇదీ

మీరు అడిగింది ముందు క్లుప్తంగా రాస్తాను, తర్వాత చదివేవాళ్లకి కూడా పనికొస్తుంది. విజయవాడ సత్యనారాయణపురంలో మీ ఇంట్లో 2009లో కట్టించిన అసెంబుల్డ్ పీసీ ఉంది. కోర్ 2 డ్యుయో ఈ7500 ప్రాసెసర్, ఇంటెల్ జీ31 మదర్‌బోర్డు, 2 జీబీ ర్యామ్, 160 జీబీ హార్డ్‌డిస్కు, విండోస్ 7. చెల్లెలి చదువుకి, నాన్నగారి తెలుగు టైపింగుకి కావాలి. యూఎస్‌బీ వైఫై, లేజర్ ప్రింటర్ పనిచేస్తాయా, 32 బిట్ వేయాలా 64 బిట్ వేయాలా, లినక్స్ లాంటిదే ఇంకో ఉచిత సిస్టమ్ బీఎస్‌డీ ఏమైనా మేలా అన్నారు. "ఇంత పాతదానికి ఏదీ పడదు, పాత సామానుకి వేసేయండి" అని షాపులో చెప్పారట.

వేయకండి. నేను గుంటూరు బ్రాడీపేటలో పద్నాలుగేళ్లుగా డీటీపీ, జిరాక్సు షాపు నడుపుతున్నాను. ఇప్పుడున్న నాలుగు సిస్టమ్స్‌లో రెండు మీలాంటివే, ఒకటి జీ31, ఒకటి జీ41. రెండింట్లోనూ డెబియనే, లినక్స్‌లో ఒక రకం. పొద్దున తొమ్మిదింటికి ఆన్ చేస్తే రాత్రి తొమ్మిదిన్నరకి ఆపుతాం. అప్లికేషన్లు నింపడం, హాల్ టికెట్లు తీయడం, తెలుగులో అర్జీలు కొట్టడం, అన్నీ వాటి మీదే.

"పాత పీసీకి లినక్స్ పడుతుందా" అని అడిగితే ఎవరూ సరైన జవాబు చెప్పలేరు. పెట్టె ఒకటే గానీ లోపల గ్రాఫిక్స్‌కి ఒక చిప్పు, నెట్‌వర్క్‌కి ఒకటి, సౌండ్‌కి ఒకటి, బయట తగిలించే వైఫైకి ఇంకొకటి. ఒక్కోదానికీ కెర్నల్‌లో, అంటే లినక్స్ గుండెకాయలో, డ్రైవర్ (ఆ చిప్పుని నడిపే ప్రోగ్రాం) ఉందా లేదా అన్నదే లెక్క. డబ్బా మీద రాసిన పేరు, కొన్న సంవత్సరం ఈ లెక్కలోకి రావు. అందుకే ఎవరి మాటా వినకుండా, నా మాట కూడా పూర్తిగా నమ్మకుండా, ఒక లైవ్ పెన్‌డ్రైవ్ (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిపేది) చేసుకుని మీ సిస్టమ్‌లోనే పెట్టి చూడండి. హార్డ్‌డిస్కులో ఏదీ చెరగదు. డెబియన్ లైవ్‌లో ఎక్స్ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్ ఉన్న ఇమేజ్ చాలు.

డెస్క్‌టాప్ వచ్చాక టెర్మినల్ తెరిచి ఎల్ఎస్‌పీసీఐ కమాండ్ కొట్టండి. పక్కన ఒక ఖాళీ వదిలి, చిన్న గీత పెట్టి, ఎన్, ఎన్, కే అక్షరాలు చిన్నబడిలో కలిపి కొట్టాలి. ప్రతి చిప్పు పేరు చివర చదరపు బ్రాకెట్లలో నాలుగు అంకెలు లేదా అక్షరాలు, కోలన్, మళ్లీ నాలుగు కనిపిస్తాయి. అదీ ఆ చిప్పు అసలు చిరునామా. మొదటి నాలుగూ 8086 అయితే అది ఇంటెల్ చిప్పు. మీ గ్రాఫిక్స్ దగ్గర 8086:29సీ2 అని వస్తుంది, జీ31కి అదే. దాని కింద "కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్" అని ఒక వరుస, ఎదురుగా ఐ915 అని ఉంటుంది. ఆ వరుస ఉన్న చిప్పు గురించి ఇక బెంగ లేదు. ఆ వరుస లేని చిప్పు కోడ్ మాత్రం కాగితం మీద రాసుకోండి. మీ బోర్డులో గ్రాఫిక్స్, సౌండ్, కేబుల్ నెట్ మూడూ ఏమీ చేయకుండానే వచ్చేస్తాయని నా నమ్మకం. నా జీ31లో మూడూ మొదటిసారే వచ్చాయి.

మీకు చెప్పకుండా ఎవరైనా పాత ఎన్‌విడియా కార్డు తగిలించి ఉంటే, అంటే 8400 జీఎస్, 9400 జీటీ లాంటివి, దాన్ని తీసేసి మానిటర్ వైరు బోర్డు మీదున్న వీజీఏకే పెట్టండి. వాటికి కంపెనీ ఇచ్చే 340 సిరీస్ డ్రైవర్ 2019తో ఆగిపోయింది. నూవో అనే ఓపెన్ డ్రైవర్‌తో బొమ్మ వస్తుంది గానీ, మీ పనులకి బోర్డులో ఉన్న ఇంటెలే సుఖం.

32, 64 సంగతి. కోర్ 2 డ్యుయో 64 బిట్ ప్రాసెసరే. "ర్యామ్ 2 జీబీయే కదా, 32 బిట్ వేయండి" అని చాలామంది సలహా ఇస్తారు, ఇప్పుడు అది పనికిరాదు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 32 బిట్ పీసీలకి ఇన్‌స్టాలరే లేదు. ఫైర్‌ఫాక్స్ కూడా 144 తర్వాత 32 బిట్ లినక్స్‌కి రావడం ఆగిపోయింది. క్రోమ్ అయితే 2016లోనే ఆపేసింది. 64 బిట్టే వేయండి. అలాగని ప్రతి 64 బిట్ సిస్టమూ మీకు పడదు. రెడ్ హ్యాట్ 9, దాని ఆధారంగా వచ్చిన ఆల్మా 9, రాకీ 9 లకి ఎస్ఎస్ఈ 4.2 అనే ఆదేశాలు తెలిసిన ప్రాసెసర్ కావాలి. కోర్ 2 కాలం నాటి వాటిలో అది లేదు. కాబట్టి అవి బూట్ కాకపోతే మీ పీసీ పోయిందనుకోవద్దు, ఆ సిస్టమ్‌ని కట్టిన లెక్క వేరు. డెబియన్, మింట్ ఇంకా పాత 64 బిట్ లెక్కనే పట్టుకుని ఉన్నాయి.

వైఫై దగ్గర చాలామంది ఆగిపోతారు. ఉదాహరణ ఒకటి చెప్తాను, చిప్పు అని నేనెందుకు పట్టుబడుతున్నానో తెలుస్తుంది. టీపీ లింక్ డబ్ల్యూఎన్722ఎన్ అని ఒక యూఎస్‌బీ వైఫై ఉంది, తెల్లగా, పొడుగు యాంటెన్నాతో. మొదటి వెర్షన్‌లో అథెరోస్ చిప్పు, రెండో వెర్షన్ నుంచి రియల్‌టెక్ చిప్పు. పేరు అదే, చూడ్డానికీ ఒకేలా ఉంటాయి, లినక్స్‌కి మాత్రం అవి రెండు వేరే వస్తువులు. మీ వైఫై గుచ్చి టెర్మినల్‌లో ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండ్ కొడితే దాని కోడ్ తెలుస్తుంది. ఫర్మ్‌వేర్ (చిప్పు లోపల నడిచే ప్రోగ్రాం) గురించి పాత వ్యాసాలు చదివి భయపడకండి. డెబియన్ 12, అంటే 2023 నుంచి, ఫర్మ్‌వేర్ ఫైళ్లు ఇన్‌స్టాలర్‌లోనే కలిపి ఇస్తున్నారు. కొన్ని బ్రాడ్‌కామ్ చిప్పులకి మాత్రం ఇప్పటికీ విడిగా దించుకోవాలి. ఇక వైఫై ససేమిరా రాకపోతే ఆండ్రాయిడ్ ఫోన్‌ని ఛార్జింగ్ కేబుల్‌తో పీసీకి పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. లినక్స్ దాన్ని కేబుల్ నెట్‌లా చూస్తుంది. ఇన్‌స్టాలేషన్ అంతా నేను అలా ఎన్నిసార్లు చేశానో.

ప్రింటర్ మోడల్ మీరు రాయలేదు. మన వైపు ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో ఎక్కువగా కనిపించేవి రెండు: హెచ్‌పీ లేజర్‌జెట్ 1020, కేనన్ ఎల్‌బీపీ2900. రెండూ గట్టి ప్రింటర్లే, లినక్స్‌లో మాత్రం రెండింటి దారీ వేరు. 1020కి తన ఫర్మ్‌వేర్ తనలో నిలవదు. ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటర్ దాన్ని పంపాలి. హెచ్‌పీ ప్రింటర్లని నడిపే హెచ్‌పీఎల్ఐపీ ప్యాకేజీ వేసుకుని, హెచ్‌పీ ప్లగిన్ కమాండ్ ఒకసారి నడిపితే నెట్ నుంచి దించుకుంటుంది. తర్వాత ప్రింటర్ స్విచ్ వేయగానే రెండు మూడు సెకన్లు ఊరుకుని, లోపల రోలర్ ఒక్కసారి తిరుగుతుంది, ఆకుపచ్చ లైటు నిలకడగా వెలుగుతుంది. ఆ రోలర్ చప్పుడు వినిపిస్తే ఫర్మ్‌వేర్ చేరినట్టే. వినిపించకుండా ప్రింట్ ఇస్తే పేజీ రాదు, ఏ తప్పూ చూపించదు, ప్రింటర్ పోయిందేమో అనిపిస్తుంది. మా షాపులో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా నా చెవి ఆ చప్పుడు మీదే ఉంటుంది.

ఎల్‌బీపీ2900కి కాప్ట్ అనే సొంత భాష ఉంది. మిగతా ప్రింటర్ల మామూలు భాషలు పోస్ట్‌స్క్రిప్ట్, పీసీఎల్ దానికి తెలియవు. లినక్స్‌కి కేనన్ డ్రైవర్ ఉంది గానీ పెట్టడం కాస్త శ్రమ, కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఒక ఆదివారం పడుతుంది. ముందు ముందు కొత్త ప్రింటర్ కొంటే ఎయిర్‌ప్రింట్ అని రాసి ఉన్నది తీసుకోండి, డ్రైవర్ గొడవే ఉండదు.

ఇప్పుడు ఎవరూ చెప్పనిది ఒకటి. రెండేళ్ల కిందట మిర్చి యార్డు దగ్గర కమీషన్ కొట్టు నడిపే బాబాయి ఒకాయన తన పాత పీసీ తెచ్చిచ్చాడు, పిల్లలకి లినక్స్ వేసివ్వమని. డెబియన్ ఎక్కింది, వైఫై కూడా వచ్చింది. కానీ ఏ ప్యాకేజీ దించబోయినా, రిపాజిటరీ (ప్యాకేజీలు ఉండే సర్వర్) ఫైలు "ఇంకా చెల్లుబాటులోకి రాలేదు" అనే అర్థంలో ఎర్రర్. బ్రౌజర్ తెరిస్తే ప్రతి సైటూ సురక్షితం కాదంటుంది. ఆ రాత్రి పదకొండున్నర దాకా నెట్‌వర్క్ సెట్టింగులే తిరగేశాను. కిందమూలన గడియారం చూశాక అర్థమైంది: 2009 జనవరి 1. బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ, సీఆర్2032, చచ్చిపోయింది. సిస్టమ్ తేదీ వెనక్కి పోయేసరికి సర్టిఫికెట్లన్నీ దాని దృష్టిలో ఇంకా పుట్టనే లేదు. కొత్త బ్యాటరీ వేసి, బయోస్‌లో తేదీ సరిచేశాక అన్నీ దించుకుంది. లినక్స్ పాత పీసీలో పనిచేయడం లేదని నా దగ్గరికి వచ్చినవాటిలో ఇలాంటివి ఇంకా చూశాను. మీరు మొదట బ్యాటరీ మార్చండి, తర్వాతే పెన్‌డ్రైవ్ పెట్టండి.

అదే పీసీ మూత తీసినప్పుడు ఫ్యాన్ రెక్కల మీద ఎర్రటి పొడి మందంగా పేరుకుని ఉంది. బ్రష్ పెట్టగానే షాపులో అందరికీ తుమ్ములు. ప్రాసెసర్ వేడి లాగే హీట్‌సింక్ నాలుగు కాళ్లలో ఒకటి ఊడి, ఒక పక్కకి లేచి ఉంది. ఈ ఎల్‌జీఏ 775 సాకెట్ కూలర్లకి నల్లటి ప్లాస్టిక్ గూటాలుంటాయి. నాలుగూ బోర్డు వెనక వైపుకి దిగి పట్టుకున్నాయో లేదో వేలితో తడిమి చూడాలి. ప్రాసెసర్ మీది పాత థర్మల్ పేస్టు తుడిచి కొత్తది బియ్యపు గింజంత వేస్తే చాలు. మన మే ఎండల్లో ఇది చేయకుండా ఏ సిస్టమ్ వేసినా మధ్యాహ్నానికి దానంతటదే ఆగిపోతుంది, తప్పు లినక్స్ మీదికి వస్తుంది. అలాగే ప్రాసెసర్ పక్కన కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నాయేమో కూడా చూడండి.

ర్యామ్ కొనేటప్పుడు జాగ్రత్త. మీ బోర్డుకి గరిష్ఠం 4 జీబీ, అంటే 2 జీబీ డీడీఆర్2 కడ్డీలు రెండు. మార్కెట్లో 4 జీబీ డీడీఆర్2 కడ్డీ ఒక్కటే కారుచౌకగా దొరుకుతుంది. ఒక షాపులో "ఏ బోర్డుకైనా పడుద్ది" అంటే నేనూ తెచ్చాను. పెడితే బీప్ బీప్ తప్ప తెరే రాలేదు. వాటిలో చాలావరకు ఏఎండీ బోర్డుల కోసమే చేసినవి, ఇంటెల్ బోర్డులోని మెమరీ కంట్రోలర్ ఆ అమరికని చదవలేదు. ఇక్కడా అంతే, పైన డీడీఆర్2 అని రాసి ఉన్నా లోపలి చిప్పులు వేరు. డబ్బు ఒక్కదాని మీదే పెట్టగలిగితే మాత్రం ర్యామ్ కంటే ముందు 120 జీబీ ఎస్ఎస్‌డీ కొనండి. మీ బోర్డు సాటా వేగం దాన్ని పూర్తిగా వాడుకోలేదు, అయినా పాత హార్డ్‌డిస్కుకీ దానికీ పోలికే లేదు. ర్యామ్‌లో ఉన్నదాన్ని కుదించి పెట్టే జెడ్‌ర్యామ్ కూడా ఆన్ చేసుకుంటే 2 జీబీతో కొన్నాళ్లు గడుస్తుంది.

చెల్లెలి క్లాసుల గురించి ఉన్నదున్నట్టు చెప్తాను. జీ31 గ్రాఫిక్స్ ఇప్పటి యూట్యూబ్ వీడియోలని తను విప్పలేదు, భారమంతా ప్రాసెసర్ మీదే. బ్రౌజర్‌లో హెచ్264ఐఫై ఎక్స్‌టెన్షన్ (యూట్యూబ్ చేత తేలికైన హెచ్264 రకం వీడియో ఇప్పించేది) వేసి 480పీలో పెడితే హాయిగా నడుస్తుంది. 1080పీ ఆశించవద్దు. పది ట్యాబ్‌లు తెరిచి పక్కన వీడియో క్లాసు అంటే కష్టం.

నాన్నగారి టైపింగ్ దగ్గర నాకు సంతోషంగా చెప్పే విషయం ఉంది. టైపింగ్ ప్యాకేజీలు ఐబస్, ఎం17ఎన్ వేసుకుంటే తెలుగుకి ఇన్‌స్క్రిప్ట్, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్‌తో పాటు యాపిల్ కీబోర్డు కూడా ఉంది. డీటీపీలో చేయి తిరిగిన పెద్దలు చాలామంది యాపిల్ వరసకే అలవాటు పడ్డారు. మా షాపులో పనిచేసే, ఇరవై ఏళ్లుగా టైపింగ్‌లో ఉన్న అన్నయ్య మొదటి రోజు కీబోర్డు వైపు అనుమానంగా చూశాడు. నాలుగు లైన్లు కొట్టి, "వేళ్లకి తేడా తెలీట్లేదురా" అన్నాడు. పోతన, వేమన ఫాంట్లు డెబియన్‌లోనే దొరుకుతాయి. అను ఫాంట్లలో దాచుకున్న పాత ఫైళ్లు మాత్రం యూనికోడ్ కావు, కన్వర్టర్‌తో మార్చుకోవాలి. విండోస్ తీసేసే ముందే ఆ ఫైళ్లన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి.

బీఎస్‌డీల మాట: ఓపెన్‌బీఎస్‌డీ చాలా శుభ్రమైన సిస్టమ్. కావాల్సిన ఫర్మ్‌వేర్‌ని అదే దించుకుంటుంది, 32 బిట్ పీసీలకి ఇప్పటికీ వస్తోంది. కానీ దానిలో బ్లూటూత్ లేదు, మన ప్రింటర్లతో పని ఇంకాస్త ఎక్కువ. ఇంట్లో అందరూ వాడే పీసీకి నేనైతే వేయను. మీరు సరదాగా నేర్చుకోవాలంటే పాత హార్డ్‌డిస్కు ఖాళీగా ఉంటుంది కదా, దాని మీద వేసుకోండి.

బ్యాటరీ మార్చి, లైవ్‌లో పెట్టి, డ్రైవర్ వరుస లేని చిప్పుల కోడ్‌లు, వైఫై కోడ్, ప్రింటర్ మోడల్ ఇక్కడ రాయండి. రాత్రి షాపు కట్టేశాక చూసి ఒక్కోదానికీ ఏం చేయాలో చెప్తాను.